బొమ్మల శుభకృతు

శుభకృతు నామ సంవత్సరమా! నువ్వు 2022 ఏప్రిల్ 2న, శనివారం నాడు గడప తొక్కావు. ఉగాది శనివారం పడింది కాబట్టి రాజు శని అన్నారు. మేష సంక్రాంతి గురువారం వచ్చింది గనుక మంత్రి గురువన్నారు. గుళ్ళలోనూ టీవీల్లోనూ పట్టుపంచెల సిద్ధాంతులు పంచాంగం విప్పి వానలెన్ని కుంచాలో చెప్పారు. ధాన్యం ధర, పసిడి ధర, సరిహద్దుల్లో సేనల సంగతి చెప్పారు. రసాధిపతి ఎవరో, నీరసాధిపతి ఎవరో కూడా చెప్పారు. బొమ్మలు గీసేవాళ్ళకూ మట్టి పిసికేవాళ్ళకూ నార పేనేవాళ్ళకూ నీ ఏలుబడి ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ళకు రాశి కేటాయించిన పంచాంగం లేదు. ఎవరూ చదవని ఆ పుటను ఇప్పుడు నేను చదువుతాను, నిన్ను పొగుడుతూనే. పొగడ్తలో నాలుగు తిట్లు కూడా దొర్లుతాయి, ఓర్చుకో. మా శతకకారులు దేవుణ్ణే నిందాస్తుతి చేశారు, నువ్వెంత!

నీకు ముందు రెండేళ్ళు లోకం తలుపేసుకుంది. 2021లో జరగాల్సిన వెనిస్ బినాలే ఏడాది వెనక్కి జరిగి నీ ఒళ్ళో పడింది. జర్మనీలోని కాసెల్‌లో ఐదేళ్ళకోసారి వచ్చే డాక్యుమెంటా వంతూ నీకే వచ్చింది. 2020 డిసెంబరులో మొదలవ్వాల్సిన మన కొచ్చి బినాలే ఆగి ఆగి, వాయిదా మీద వాయిదా పడి, నీ చివరి నెలలకు చేరింది. మూడు తిరునాళ్ళూ ఒక్క ఏడే. ఇంత బరువు మోసిన ఏడు ఈ మధ్య మరొకటి రాలేదు.

బరువు అన్నమాట ఊరికే అనలేదు. నీకు ముందు, 2021 మార్చిలో, బీపుల్ అనే పేరుతో బొమ్మలు చేసే అమెరికా ఆసామి డిజిటల్ చిత్రమొకటి క్రిస్టీస్ వేలంలో దాదాపు 6.9 కోట్ల డాలర్లకు పోయింది. చేతికి తగలని బొమ్మ, తెరమీద తప్ప ఎక్కడా లేని బొమ్మ. ఇక ముందంతా ఇదే అన్నారు. నువ్వొచ్చావు, ఆ బుడగ నీ చేతిలోనే పగిలింది. దాని స్థానంలో నువ్వు తెచ్చి పెట్టినవి చూడు: కంచు, నార, మట్టి, పాతబట్టల మూటలు, తుప్పుపట్టిన రేకులు, నీళ్ళు. ఎత్తాలంటే మనుషులు కావాలి, తాకితే చేతికి అంటుకోవాలి. అందుకే నీకు ఈ స్తోత్రం.

ఏప్రిల్ 23న వెనిస్ తలుపులు తెరుచుకున్నాయి. ఆర్సెనాలె అనే పాత నౌకాశాల, ఒకప్పుడు యుద్ధనౌకలు కట్టిన చోటు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా ఒక స్త్రీ, పదహారడుగుల ఎత్తు, నిండు కంచు. సిమోన్ లీ చేసిన ‘బ్రిక్ హౌస్’. నడుము దగ్గర మొదలయ్యే ఒళ్ళు కిందికొచ్చేసరికి ఆఫ్రికా మట్టిళ్ళ గుమ్మటంలా విచ్చుకుంటుంది. తలమీద గుబురు జుట్టు, పాయలు తీసి అల్లిన జడలు, జడ కొసన గవ్వ. కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట నునుపైన కంచు, అంతే. ఆమె చుట్టూ గోడలనిండా క్యూబా చిత్రకారిణి బెల్కిస్ అయోన్ అచ్చుబొమ్మలు. అట్టముక్కలూ కాగితాలూ పలకమీద అతికించి, సిరా పూసి ఒత్తి తీసిన నలుపు తెలుపు బూడిద రంగుల నిలువెత్తు మనుషులు. వాళ్ళకు కళ్ళున్నాయి, నోళ్ళు లేవు. అయోన్ 1999లో ముప్పై రెండేళ్ళకే వెళ్ళిపోయింది. కళ్ళు లేని తల్లిని నడుమ నిలబెట్టి, నోళ్ళు లేని బంధువులను చుట్టూ నిలబెట్టి, వచ్చేపోయే లోకాన్ని వాళ్ళ ముందు నడిపించావు. ఆ గదిలో ఎవరు ఎవరిని చూస్తున్నారో తేల్చడం కష్టం. ఆ అమరిక ఒక్కటి చాలు, క్యూరేటర్ సిసిలియా అలెమానికి దణ్ణం పెట్టడానికి. 213 మందిని పిలిచిందామె. 127 ఏళ్ళ బినాలే చరిత్రలో స్త్రీలు పురుషులను మించడం అదే మొదటిసారి. సిమోన్ లీకి ఒక స్వర్ణ సింహం, బ్రిటన్ మండపంలో నల్లజాతి గాయనుల గొంతులతో గది నింపిన సోనియా బాయ్స్‌కు మరొకటి. పతకాలు ఎవరికి ఇవ్వాలో వాళ్ళకే ఇచ్చావు, ఇందులో నీకు వంక పెట్టను.

మన శిల్పి మృణాళినీ ముఖర్జీని కూడా వెనిస్‌లోనే కూర్చోబెట్టావు. రుద్రుడు, దేవి, వనశ్రీ: మూడు ఆకారాలు, మూడూ నార తాళ్ళే. గీత గీసుకుని, నమూనా చేసుకుని మొదలుపెట్టే పని కాదది. ముడి వేస్తూ వేస్తూ పోతే ముడే దారి చూపిస్తుంది. రంగు పట్టించిన తాడు వంగి ఒక మడత, ఆ మడతలో మరో మడత, ఎక్కడో పువ్వు రెక్క, ఎక్కడో దేవత పెదవి. దూరం నుంచి గర్భగుడి చీకట్లో మూర్తిలా ఉంటుంది, దగ్గరికెళితే ఒక్కొక్క ముడీ విడిగా కనిపిస్తుంది, ఆ ముడి బిగించిన వేలి బలమూ కనిపిస్తుంది. తాళ్ళు పేనే పనిని శిల్పమంటారా, చేతిపని అంటారా అని ఒకప్పుడు ముఖం చిట్లించినవాళ్ళున్నారు. ఢిల్లీలో తన జీవితకాలపు పనిని ఒకచోట చేర్చిన ప్రదర్శన మొదలైన కొద్దిరోజులకే, 2015లో, ఆమె కన్నుమూసింది. ఏడేళ్ళ తర్వాత నువ్వు ఆమె పేరు లోకమంతా పలికించావు. ఆలస్యమే. అయినా చేశావు.

ప్రభాకర్ పచ్పుటేనూ పిలిచావు. చంద్రపూర్ బొగ్గుగనుల పిల్లవాడు, వాళ్ళింట్లో తరాలుగా గనిపనే. అతని కాన్వాసులమీద మనిషి సగం పనిముట్టు, నేల సగం జంతువు, కొండ ఒళ్ళంతా గాయం. మన ఆసిఫాబాద్ నుంచి ఎంత దూరం చంద్రపూర్? బెల్లంపల్లిలో, మందమర్రిలో షిఫ్టు దిగి ఇంటికెళ్ళేవాళ్ళ మొహాలు ఆ బొమ్మల్లో పోల్చుకోవడానికి కళాచరిత్ర చదవక్కర్లేదు.

కొలంబియా నుంచి డెల్సీ మోరెలోస్ మట్టి తెచ్చింది. గదంతా నడుమెత్తు మట్టి దిమ్మలు, మధ్యలో సన్నటి దారులు. మట్టిలో దాల్చినచెక్క, లవంగం, కోకో కలిపింది. కళ్ళకంటే ముందు ముక్కు చూసే బొమ్మ. ఫోటోల్లో అది ఉత్త మట్టిగోడ. ఫోటోలు చూసి ప్రదర్శనలమీద తీర్పులిచ్చే మా బోటివాళ్ళకు నువ్వు పెట్టిన చురక అది.

ఇక గరాటుల కథ. దీని దగ్గర కాస్త ఆగుతాను.

ఉక్రెయిన్ చిత్రకారుడు పావ్లో మకోవ్‌కు 1995లో ఖార్కివ్ నగరంలో తట్టిన ఊహ అది. 78 కంచు గరాటులు, పన్నెండు వరసలు. పైన ఒకటి, దానికింద రెండు, కింద మూడు, అలా అట్టడుగున పన్నెండు. పైగరాటులో నీళ్ళు ధారగా పడతాయి. ఒక్కో గరాటుకు రెండేసి ముక్కులు, వచ్చిన నీటిని కిందున్న రెంటికీ పంచుతుంది. వరస వరసకూ ధార సన్నబడుతుంది. అట్టడుగుకు చేరేసరికి ధార లేదు, చుక్కలే. ‘అలసట ఫౌంటెన్’ అని పేరు. 2022 ఫిబ్రవరి 24న, నువ్వింకా పుట్టకముందే, కీవ్ మీద బాంబులు పడ్డాయి. ఆ సాయంత్రమే క్యూరేటర్ మరియా లాంకో ఆ 78 గరాటులనూ పెట్టెల్లో సర్ది కారులో వేసుకుని పడమటికి బయల్దేరింది. ఇంట్లోంచి పారిపోయేటప్పుడు మనిషి ఏం పట్టుకెళతాడు? ఆమె గరాటులు పట్టుకెళ్ళింది. దేశాలు దాటి వెనిస్ చేరింది, నీళ్ళు తిప్పింది. అదే బినాలేలో, 1914లో కట్టిన రష్యా మండపానికి తాళం. అందులో ప్రదర్శించాల్సిన ఇద్దరు కళాకారులూ, వాళ్ళ క్యూరేటరూ యుద్ధం మొదలైన కొద్దిరోజులకే మేం రాం అని తప్పుకున్నారు. ఖాళీ భవనం ముందు కాపలావాడు నిలబడ్డాడు. ఒకచోట కారుతున్న నీళ్ళు, ఒకచోట మూసిన తలుపు. యుద్ధంమీద ఆ ఏడు వచ్చిన వ్యాసాలన్నీ చదివినవాడు కూడా ఈ రెంటినీ మరిచిపోడు.

బెల్జియం మండపంలో ఫ్రాన్సిస్ ఆలిస్ పిల్లల ఆటలు చూపించాడు. కాంగో దేశం లుబుంబాషిలో గనుల చెత్త పోసిన నల్లటి గుట్టమీదికి ఒక కుర్రాడు లారీ టైరు నెట్టుకుంటూ ఎక్కుతాడు. పైకెళ్ళి, టైరులో తానే చుట్టచుట్టుకుని కూర్చుని, కిందికి దొర్లుతాడు. ఎక్కడానికి ఎంతోసేపు, దొర్లడానికి ఒక్క క్షణం. మన ఊళ్ళలో కర్రతో టైరు కొట్టుకుంటూ పరిగెత్తిన వాళ్ళంతా అక్కడ నిలబడి నవ్వుకునే ఉంటారు.

వెనిస్‌లో నువ్వు రాణివి. కాసెల్‌లో మాత్రం నీకు రాజపూజ్యం ఏడు, అవమానమూ ఏడే.

జూన్ 18 నుంచి సెప్టెంబరు 25 దాకా, వంద రోజులు. పదిహేనో డాక్యుమెంటా పగ్గాలు జకార్తాకు చెందిన రువాంగ్రూపా అనే మిత్రబృందానికి ఇచ్చారు. ఆసియావాళ్ళకు ఇవ్వడం అదే మొదలు, ఒక బృందానికి ఇవ్వడమూ అదే మొదలు. వాళ్ళు తమ దేశపు ఊళ్ళలో మిగులు పంటను ఉమ్మడిగా దాచుకునే ధాన్యపు కొట్టును తలుచుకున్నారు. డబ్బు, చోటు, పరిచయాలు, తీరిక, అన్నీ ఆ గరిసెలో పోద్దాం, కావలసినవాళ్ళు కొలుచుకుని తీసుకుందాం అన్నారు. పిలుపు అందుకున్న బృందాలు తమకు తెలిసిన బృందాలను పిలిచాయి, వాళ్ళు మరికొందరిని. చివరికి పాల్గొన్నవాళ్ళు పదిహేనువందలు దాటారు. పేరున్న దొరల బొమ్మలు ఎక్కడ అని వెతుక్కుంటూ వచ్చిన పెద్దమనుషులకు ఎక్కడ చూసినా బెంచీలు, పొయ్యిలు, చర్చలు, నిద్రపోయే చాపలు కనిపించాయి.

ఫ్రిడెరిసియానమ్ అనే రెండు శతాబ్దాలు దాటిన మ్యూజియం స్తంభాలకు నల్లరంగు పూసి, సుద్దగీతల్లాంటి తెల్లగీతలతో డాన్ పెర్జోవ్‌స్కీ బొమ్మలు వేశాడు. లోపల బ్రెజిల్ కళాకారిణి గ్రాజియెలా కున్ష్ మూడేళ్ళలోపు పిల్లలకు ఒక సంరక్షణ గది తెరిచింది. మ్యూజియంలో పసిబిడ్డలు పాకారు! ఢాకా నుంచి వచ్చిన బ్రిత్తో బృందం వెదురుతో వంటిల్లు కట్టి, రోజుకో దేశపు మనుషులచేత వంట చేయించి వడ్డించింది. నైరోబీ మురికివాడ నుంచి వచ్చిన వాజుకూ బృందం డాక్యుమెంటా హాలు ముఖద్వారానికి తుప్పురేకులు తొడిగి చీకటి సొరంగం చేసింది. లోపలి బొమ్మ చూడాలంటే వాళ్ళ వాడలోంచి నడిచే వెళ్ళాలి. ఆ ఏటి ఆర్నాల్డ్ బోడె పురస్కారం వాళ్ళకే దక్కింది.

అన్నిటికంటే నాకు పదేపదే గుర్తొచ్చేది పార్కులోని మూటలు. రాజులు వేయించిన కార్ల్‌స్ఆవె ఉద్యానం, నున్నగా కత్తిరించిన పచ్చిక, వెనక పసుపురంగు మహలు. ఆ పచ్చికమీద నైరోబీకే చెందిన నెస్ట్ కలెక్టివ్ వాళ్ళు ఇల్లంత ఎత్తున పాతబట్టల బేళ్ళు పేర్చారు. యూరప్ విడిచి పారేసిన చొక్కాలు, గౌన్లు, ప్యాంట్లు. దానం పేరుతో, వ్యాపారం పేరుతో ఆఫ్రికాకు ఓడల్లో వెళ్ళే గుడ్డలు. ప్లాస్టిక్ పట్టీలతో బిగించి కట్టిన మూటలోంచి ఒక చేతి గుడ్డ, ఒక కాలరు బయటికి వేలాడుతూ. పేరు ‘పంపినవారికే వాపసు’. వానకు తడిసి, ఎండకు వెలిసి, వంద రోజులూ అవి అక్కడే ఉన్నాయి. చిరిగిన చీరను బొంతగా, బొంతను మసిగుడ్డగా వాడుకునే ఇళ్ళలో పెరిగిన మాకు ఆ గుట్టను చూస్తే కోపంకంటే ముందు సిగ్గేస్తుంది. మన బట్టల అల్మారాలు కూడా ఇప్పుడు ఆ దారిలోనే ఉన్నాయి గదా!

ఇప్పుడు అవమానం సంగతి. యోగ్యకర్తకు చెందిన తారింగ్ పాడి బృందం 2002లో చేసిన ‘ప్రజాన్యాయం’ అనే పెద్ద తెరను ఊరి నడిబొడ్డున కట్టారు. సుహార్తో నియంతృత్వంమీద తిరుగుబాటు బొమ్మ. వందల మనుషులు కిక్కిరిసిన ఆ తెరలో రెండుచోట్ల యూదులను నీచంగా చూపించే ఆకారాలున్నాయి: పందిముఖపు సైనికుడొకడు, కోరపళ్ళవాడొకడు. అది జర్మనీ. ఆ నేలమీద, ఆ చరిత్రమీద అలాంటి బొమ్మ ఎగరకూడదు. జూన్ 20న నల్లగుడ్డ కప్పారు, 21న దించేశారు. గీసినవాళ్ళు క్షమాపణ చెప్పారు, నిర్వాహకులూ చెప్పారు. జూలైలో సంస్థ డైరెక్టరు పదవి వదిలింది. ఇక అక్కణ్ణుంచి జర్మన్ పత్రికలకు మరో మాట లేదు. పసిపిల్లల గది, రేకుల సొరంగం, వెదురు వంటిల్లు, అన్నీ ఆ ఒక్క తెర నీడలో పడ్డాయి.

నా మాట చెబుతాను. ఉమ్మడి గరిసె గొప్పదే. అందులోకి ఎవరు ఏ మూట తెచ్చి పోస్తున్నారో విప్పి చూసే మనిషి ఒకడు ఉండి తీరాలి. అందరి బాధ్యత అనుకున్నది అక్కడ ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. అలాగని ఆ ఒక్క తప్పుతో వంద రోజుల వంటనంతా పారబోసినవాళ్ళతోనూ నేను లేను. 7 లక్షల 38 వేల మంది వచ్చి చూశారు. వాళ్ళలో ఎక్కువమంది బెంచీలమీద కూర్చుని, తిని, మాట్లాడుకుని వెళ్ళారు.

 

డిసెంబరు వచ్చేసరికి నువ్వు కొచ్చి చేరావు, కొంచెం అలసి. 12న మొదలవ్వాల్సింది, తీరా ముందురోజు కాదన్నావు. సరుకు రేవుల్లో చిక్కుకుంది, వానలు పట్టుకున్నాయి, డబ్బు చాలలేదు. దేశదేశాల నుంచి వచ్చినవాళ్ళు సగం విప్పిన పెట్టెల మధ్య తిరిగారు. కళాకారులు బహిరంగ లేఖ రాశారు, న్యాయంగానే రాశారు. 23న తలుపులు తెరిచావు.

ఆ ఏడు కొచ్చికి క్యూరేటర్ శుభిగి రావు. ముంబయిలో పుట్టి సింగపూరు మనిషైన ఈమె అదే ఏడు వెనిస్‌లో సింగపూరు తరఫున ఒక పుస్తకం పెట్టింది. తగలబెట్టిన, నిషేధించిన, మాయమైన పుస్తకాల చరిత్రను పదేళ్ళ పనిగా తలకెత్తుకున్న మనిషి, ఆ వరసలో మూడో సంపుటాన్ని ఐదువేల ప్రతులు వేయించి, వచ్చినవాళ్ళకు ఉచితంగా పంచింది. గోడకు వేలాడే బొమ్మకంటే చేతిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయే పుస్తకాన్ని నమ్ముకుంది. కొచ్చి బినాలేకు ఆమె పెట్టిన పేరులో సిరా ఉంది, నిప్పూ ఉంది.

ఆస్పిన్‌వాల్ హౌస్ తెలియనివాళ్ళకు ఒక మాట. 1867లో ఇంగ్లీషు వర్తకుడు కట్టుకున్న కొట్టడి అది. మిరియాలు, కొబ్బరినూనె, కలప ఎగుమతి చేసిన గోదాములు. కిటికీలోంచి చూస్తే ఓడలు ఎంత దగ్గరగా పోతాయంటే, బొమ్మ చూస్తున్నవాడు తల తిప్పి ఓడనే చూస్తాడు. ఆ ఆవరణలో ఆసిం వాఖిఫ్ వెదురుతో ఓ పెద్ద గూడు అల్లాడు. లోపలికెళ్ళి ఎవరైనా తట్టొచ్చు, మోగించొచ్చు. ‘దయచేసి తాకరాదు’ అనే బోర్డు చదివి చదివి విసిగిన పిల్లలకు అది వరం.

సాహిల్ నాయక్ గోవాలోని కుర్డి ఊరిని తెచ్చాడు. సలావులి ఆనకట్ట కింద మునిగిన ఊరది, గాయని మొగుబాయి కుర్డికర్ పుట్టినూరు. ఏటా వేసవిలో నీళ్ళు తగ్గి ఊరు బయటపడుతుంది, విడిచిపోయినవాళ్ళు వచ్చి తమ గుడిలో దీపం పెట్టుకుని వెళతారు. ఆ ఎండిన బురద, ఆ ఇళ్ళ పునాదులు శిల్పంగా చేసి, ఆ ఊరివాళ్ళ పాటలు వినిపించాడు. ఆ పని ముందు తెలుగువాడెవరైనా నిలబడితే సంగమేశ్వరం గుర్తు రాకుండా ఉంటుందా? శ్రీశైలం నీళ్ళు తగ్గినప్పుడు శిఖరం, మండపం, గర్భగుడి వరసగా తేలతాయి. పూజారి పడవలో వస్తాడు. ఆ జలాశయం కింద వందదాకా ఊళ్ళున్నాయి. పాటలు మన దగ్గరా ఉన్నాయి. వాటికి ఒక గది కట్టినవాళ్ళే ఇంకా లేరు.

నీ ఆఖరు రోజుల్లో షార్జా బినాలేలో వివాన్ సుందరం ఛాయాచిత్రాలు వేలాడాయి. ఒంట్లో బాగా లేని మనిషి చేసిన పని. 2012లో మొదటి కొచ్చి బినాలేకు పట్టణం అనే ఊరి తవ్వకాల్లో దొరికిన పాత పెంకులు పేర్చి, మిరియాలు పోసి మునిగిన రేవుపట్నాన్ని చూపించినవాడాయన. 2023 మార్చి 22న నువ్వు శోభకృతుకు గద్దె అప్పగించావు, 29న ఆయన వెళ్ళిపోయాడు. కొచ్చి మాత్రం నీ తర్వాత కూడా ఏప్రిల్ 10 దాకా తెరిచే ఉంది.

ఇంత పొగిడాక అడగాల్సింది నిన్ను కాదు, నువ్వు వెళ్ళిపోయావు. మళ్ళీ రావడానికి అరవై ఏళ్ళు పడుతుంది. అడగాల్సింది మనవాళ్ళనే. కొచ్చికి ఒక మిరియాల గోదాము దొరికింది, వెనిస్‌కు పడవల కొట్టం దొరికింది. మనకు గోదాములకు కొదవా? ప్రకాశం జిల్లాలో నిప్పు ఆరిన పొగాకు బ్యారన్లున్నాయి. కాకినాడ పాతరేవులో గిడ్డంగులున్నాయి. ఊరూరా మూతపడ్డ నూలుమిల్లులు, రైసుమిల్లులు ఉన్నాయి. హైదరాబాదులో, విశాఖలో లలితకళలు చదివి పట్టా పుచ్చుకుని, చోటు లేక బెంగుళూరుకో బరోడాకో పోతున్న పిల్లలూ ఏటా ఉన్నారు. ఖాళీ గోదాము ఉన్న ఆసామి ఎవరైనా ఇది చదువుతుంటే, వచ్చే ఉగాదికి మూడు నెలలపాటు దాని తాళంచెవి ఆ పిల్లలకివ్వండి. కరెంటు బిల్లు మీరు కట్టండి. మిగతాది వాళ్ళు చూసుకుంటారు.